తెల్ల రంగు లేని ప్రింటరు

చంపింది మీరే. ప్రమాదం అని నోటీసు బోర్డు మీద అంటించారు, అతని అజాగ్రత్తే కారణం అని కింద ఇంకో ముక్క కలిపారు, నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని తలలు వంచుకుని నిలబడ్డారు. అయినా చంపింది మీరే. మేనేజరూ, నువ్వు. గడియారం అని మా వాళ్ళు పేరు పెట్టిన సూపర్‌వైజరూ, నువ్వు. మేడ మీద అద్దాల గదిలో కూర్చుని ఏనాడూ కోత హాల్లో అడుగుపెట్టని ఓనరూ, నువ్వు కూడా. చంపి ఊరుకున్నారా, లేదు. చచ్చినవాడి ఫోటో వేయించి, గేటు దగ్గర తగిలించి, దాని కింద మీ కంపెనీ పేరు రాయించుకుందామనుకున్నారు. అక్కడే దొరికిపోయారు. ఎలా దొరికారో జనానికి తెలియాలి. అందుకని మొదటి నుంచి చెబుతున్నాను. మధ్యలో లేచిపోకండి.

అది వెనీర్ మిల్లు. దుంగల్ని ఉడకబెట్టి, కాగితంలా పల్చగా పొరలు తీసి అమ్ముతారు. మీ ఇంట్లో బల్ల మంచి కలప అని మురిసిపోతున్నారే, లోపలున్నది రంపపు పొట్టు ముద్ద. పైనున్నదే మా వాళ్ళు కోసిన పొర. ఆ పొరల్ని కొలతకి కత్తిరించే మిషనుకి మనిషంత పొడుగు కత్తి ఒకటి పైనుంచి దిగుతుంది. దాన్ని దింపడానికి రెండు బటన్లు, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, దూరదూరంగా. రెండూ కలిపి నొక్కితేనే కత్తి దిగాలి. అంటే కత్తి దిగేటప్పుడు మనిషి చేతులు రెండూ బటన్ల మీదే ఉంటాయి, కత్తి కింద ఉండవు. పాత మిషనే గానీ, చేసినవాడికి ఆ మాత్రం బుద్ధి ఉంది.

మీకు లేదు. గడియారం చేతిలో ఎప్పుడూ టైము చూసే వాచీ ఒకటి ఉంటుంది, అందుకే ఆ పేరు. ఒక చేత్తో పొర తోస్తూ ఇంకో చేత్తో నొక్కితే పని జోరుగా సాగుతుంది కదా అన్నాడు. అని ఊరుకోలేదు. వెనీర్ చీలిక ఒకటి మడతలు పెట్టి, ఎడమ బటన్ పక్క సందులో దూర్చి, సుత్తితో కొట్టాడు. బటన్ లోపలికి దిగి అలాగే ఇరుక్కుపోయింది. ఇక కుడి బటన్ ఒక్కటి నొక్కితే చాలు, కత్తి దిగుతుంది. చీలిక వదులైనప్పుడల్లా వచ్చి మళ్ళీ ఒక దెబ్బ వేసి పోయేవాడు. గడియారానికి కీ ఇచ్చినట్టు.

ఆ మిషను మీద పనిచేసినవాణ్ణి అందరూ ఈల అని పిలిచేవాళ్ళు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేస్తే హాలు ఆ చివర, పొరల్ని వేడితో అదిమే హాట్ ప్రెస్సు దగ్గరున్నవాడికి కూడా వినపడేది. మిషన్ల మోతలో అరుపులు పనికిరావు. అందుకని మా వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఈల వినపడితే ఎవడు వేశాడు, ఎందుకు వేశాడు అని చూడకూడదు. ముందు మిషను ఆపాలి. తర్వాతే మాట. ఆ కట్టుబాటుని గడియారం ఎంత తిట్టినా ఎవరూ వదల్లేదు.

చీలిక పెట్టిన కొత్తల్లోనే ఈలకి ఎడమ చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు పోయాయి. కట్టు విప్పగానే మళ్ళీ అదే మిషను మీద నిలబెట్టారు. ఇంటికొచ్చి వాళ్ళక్కతో, చేతి తొడుగులు కొంటే ఇక రెండు వేళ్ళు మిగులుబాటే కదక్కా అన్నాడట. అక్క నవ్వలేదు. 

తర్వాత ఆ రోజు వచ్చింది. పక్కన గడియారం నిలబడి వాచీ చూస్తూ ఊ, ఊ అంటున్నాడు. తోయడం, నొక్కడం, తోయడం, నొక్కడం. పొర ఒకటి మెలిక పడింది. సరిచేద్దామని ఎడమ చేయి లోపలికి పోయింది. కుడి చేయికి ఆ సంగతి తెలీదు. అలవాటు కొద్దీ నొక్కేసింది.

మోచేతి కింద నుంచి తెగింది. చేయి అవతల పళ్ళెంలో పడింది, కోసిన పొరల మీద. ఈల దాన్ని చూశాడు. అరవలేదు. కుడి చేతి వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. హాలంతా ఆగిపోయింది. అప్పుడు పడ్డాడు.

ముందు పరిగెత్తుకొచ్చింది ప్రెస్సు దగ్గర పనిచేసే అతని బావ, అంటే అక్క మొగుడు. నడుముకున్న బెల్టు ఊడదీసి, తెగిన చేతికి బిగించి, మోకాలితో తొక్కిపట్టాడు. స్ట్రెచరు లేదు. అక్కడే పేర్చి ఉన్న వెనీర్ కట్ట మీద పడుకోబెట్టారు. మిల్లు వ్యాను గేటు దగ్గరే ఉంది. అందులో కొనుగోలుదారు సరుకు ఉంది, నెత్తురంటితే వెనక్కి కొడతారు, ఆంబులెన్సు వస్తోంది కదా అన్నాడు మేనేజరు. సరుకు దించేద్దాం అన్నారు మా వాళ్ళు. వద్దు, వచ్చేస్తోంది అన్నాడు. వచ్చేసరికి ఈల పోయాడు. కింద కట్టలోని పొరలన్నీ ఒక పక్క తడిసిపోయాయి.

తెల్లారేసరికి నోటీసు. బటన్‌లో చీలిక పెట్టుకుంది అతనేనట. వద్దని చెప్పినా వినలేదట. కాబట్టి కంపెనీకి ఏ బాధ్యతా లేదట. కత్తి కడిగారు, నేల కడిగారు, మిషను నడిపించారు. చీలిక మాత్రం తీయలేదు.

ఇప్పుడు అక్క సంగతి. వీధిలో అందరికీ ఆమె ఫ్రేముల అక్క. వీధి వైపు ఒక గది, గోడల నిండా ఫ్రేములు, మూలన బల్ల మీద ఫోటోలు వేసే ఇంకుజెట్ ప్రింటరు. వెనీర్ మీద ఫోటో వేయడం ఆమెకి నేర్పిన గురువు ఎవరూ లేరు. తమ్ముడు మిల్లులో పారేసే ముక్కలు చంకలో పెట్టుకొచ్చేవాడు, ఇద్దరూ కూర్చుని ప్రింటరుతో కుస్తీ పట్టేవాళ్ళు. మొదట్లో పొర లోపల ఇరుక్కుని చిట్లిపోయేది. తర్వాత ఇస్త్రీ పెట్టెతో వంకర తీసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, వెనక దళసరి అట్ట అంటించి, ప్రింటరు వెనక నోటి నుంచి తిన్నగా పెడితే పోతుందని తెలిసింది. పల్చటి పూత వేసి ఆరబెట్టకపోతే ఇంకు చెక్క గీతల వెంబడి పాకి, మనిషి ముఖానికి గడ్డాలు మొలిచేవి. అలా గడ్డం మొలిచిన పెళ్ళికూతురి ఫోటో ఒకటి చాలాకాలం గోడకి తగిలించి ఉంచాడు తమ్ముడు, కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వేవాడు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆ ప్రింటరులో తెల్ల రంగు లేదు. కాగితం ఎలాగూ తెల్లగా ఉంటుంది కాబట్టి తెల్లగా ఉండాల్సిన చోట ఇంకు పడదు, వదిలేస్తుంది. చెక్క మీద వేస్తే ఆ వదిలేసిన చోట చెక్కే కనిపిస్తుంది. తెల్ల చొక్కాతో తమ్ముడి ఫోటో వేస్తే చొక్కా మొత్తం చెక్కగా వచ్చింది. నాకు చెక్క చొక్కా కుట్టించావు, ఇక ఉతకక్కర్లేదు అన్నాడు.

ఈ అక్క కొట్టుకే మేనేజరు వచ్చాడు. కుర్చీ తుడిచి వేస్తే కూర్చున్నాడు. నీ తమ్ముడు మాకు కొడుకు లాంటివాడమ్మా అన్నాడు. వాడి ఫోటో పెద్దగా మా వెనీర్ మీద, నీ చేత్తోనే వేసిస్తే గేటు దగ్గర పెట్టుకుంటాం అన్నాడు. జనం నోళ్ళు మూయించడానికి వచ్చాడని అక్కకి అర్థమయింది. ఆవిడ నోరు ముందు మూతపడితే మిగతావి వాటంతట అవే మూతపడతాయని లెక్క. పోతూ పోతూ రెండు మాటలు అన్నాడు. ఒకటి, తను తీసిన ఫోటోలో ఎడమ చేయి పైకెత్తి ఉంటుంది, ఆ లేని వేళ్ళు రెండూ కంప్యూటర్లో పెట్టేయమని. చూసేవాళ్ళకి బాగోదట. రెండోది, మీ ఆయనకి పని మార్చాం, ప్రెస్సు నుంచి కోత మిషను మీదకి, మంచి అవకాశం అని.

అక్క కళ్ళు తిప్పలేదు. సరే సార్ అంది. వాట్సాప్‌లో పంపితే ఫోటో నలిగిపోతుంది, అంత పెద్దగా వేస్తే ముఖం ముక్కలు ముక్కలుగా వస్తుంది, మీ ఫోనులో తీసింది తీసినట్టు మొత్తం ఫైలు ఇవ్వండి అంది. అది మాయ మాట కాదు, ఆ పనికి అది కావాలి. మేనేజరు అక్కడికక్కడే ఇచ్చేశాడు. తన ఫోటోలో ఏముందో తను చూసుకోలేదు. చూసినా అతనికేమీ అనిపించేది కాదు. రోజూ కళ్ళెదుట జరిగేది తప్పని అనిపించనివాడు ఫోటోలో మాత్రం ఎందుకు దాచుకుంటాడు?

ఆ సాయంత్రం ఇంట్లో రభస. తమ్ముడి పెళ్ళాం, అంటే అక్కకి మరదలు, సంగతి విని నట్టింట్లో నిలబడి కడిగేసింది.

"వాళ్ళు చేయి నరికారు, నువ్వు వేళ్ళు అతికిస్తావా వదినా? సిగ్గులేదూ?"

అక్క మొగుడు ఓ మూల గోడకి ఆనుకుని తన చేతులు తను చూసుకుంటున్నాడు. పోనంటే పనిపోతుంది, పోతే ఇదిగో ఇవి పోతాయి అన్నాడు.  అక్క కంప్యూటర్లో ఫైలు తెరిచి, ఇటు రండి అంది.

మిల్లులో ఎప్పుడూ లేనంత సరుకు తీసినందుకు సంబరంగా ఆ మధ్య మేనేజరే తీసిన ఫోటో అది. ఈల మిషను ముందు నిలబడి, మూడు వేళ్ళే ఉన్న ఎడమ చేయి పైకెత్తి నవ్వుతున్నాడు. మేనేజరుకి కావాల్సింది ఆ నవ్వు వరకే. కానీ ఫైలు మొత్తం ఉంది. ఈల భుజం వెనక గడియారం ఉన్నాడు. తెల్ల చొక్కా, వంగి ఉన్నాడు, చేతిలో సుత్తి. సుత్తి కింద ఎడమ బటన్, బటన్ సందులో చీలిక. కన్నున్న ఎవడికైనా కనపడుతుంది.

 వేళ్ళు పెట్టను పిల్లా, ఉన్నది ఉన్నట్టు వేస్తాను, తలుపంత వేస్తాను అంది అక్క.

మేనేజరు పొరలు పంపాడు. ఇక్కడ మీ పిసినారితనం చూడండి. చచ్చినవాడి ఫోటోకి మంచి సరుకు ఎందుకు దండగ అనుకున్నాడో, గోదాములో వాళ్ళే అలా అనుకున్నారో, పనికిరాదని పక్కన పడేసిన కట్ట పంపారు. అంచులు కోసేసిన కట్ట. పొరలు ఒక్కొక్కటే విప్పుతుంటే కొన్నిటికి ఒక పక్కన నల్లగా, కొంచెం ఎర్రగా మరక. ఉడికిన చెక్క మరకేమో అని అక్క గరుకు కాగితంతో రుద్దబోయింది. మొగుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ కట్ట మీదే బావమరిదిని పడుకోబెట్టి, పక్కన మోకాలేసి కూర్చున్నవాడు అతను. ఏ పక్కకి కారిందో, ఎంత కారిందో అతనికి తెలుసు.

"రుద్దకే. అది వాడే."

అక్క గరుకు కాగితం పక్కన పెట్టేసింది. తర్వాత అక్క పనిలో పడింది. ప్రింటరు వెడల్పు తక్కువ కాబట్టి ఫోటోని నిలువు పట్టీలుగా విడగొట్టింది. మరదలు రుద్దింది, మొగుడు ఇస్త్రీ చేశాడు. మరకలున్న పొరల్ని ఏ పట్టీకి వాడాలా అని అక్క చాలాసేపు వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి ఒక పొరని తలకిందులు చేసి, అట్ట అంటించి, ప్రింటరు వెనక నోట్లో పెట్టింది. అది గడియారం ఉన్న పట్టీ. ప్రింటరు కీచుమంటూ సుత్తి వేసింది, చేయి వేసింది, బటన్ వేసింది, చీలిక వేసింది. తెల్ల చొక్కా దగ్గరికొచ్చేసరికి ఇంకు పడలేదు. అక్కడ ఉత్త చెక్క వచ్చింది. చెక్క మీద, సరిగ్గా ఛాతీ నుంచి నడుము దాకా, ఈల నెత్తురు మరక వచ్చింది. అక్క కావాలనే చేసింది. చేయకూడదని ఎవడైనా అంటే వాడితో నాకు మాట్లాడే పనిలేదు.

పట్టీలు బల్ల మీద ఆరుతుండగా గడియారం వచ్చాడు. వెంట గేటు కాపలావాళ్ళు ఇద్దరు, చేతుల్లో కర్రలు. పట్టపగలు, వీధిలో జనం తిరుగుతుండగా. ఫోటో అయిందా అన్నాడు. ఇంకా కాలేదు సార్ అంటూ అక్క బల్లకి అడ్డం నిలబడింది. అడ్డం నిలబడిందంటేనే ఏదో ఉందని వాడికి తెలిసిపోయింది. పక్కకి నెట్టి చూశాడు. వాడే ఉన్నాడు అక్కడ, సుత్తితో.

"ఏంటిది?"

"మీరే సార్," అంది అక్క. "చొక్కాకి కొంచెం మరకైంది, ఏమనుకోకండి."

వాడు చెంప మీద కొట్టాడు. అక్క ఫ్రేముల మీద పడింది, అద్దాలు పగిలి మోచేయి కోసుకుపోయింది. మొగుడు లేచి గడియారం గొంతు పట్టుకున్నాడు. కాపలావాడి కర్ర అతని భుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు వీధిలోకి వినపడిందని ఎదురింటి దర్జీ ఇప్పటికీ చెబుతాడు. పడిపోయినవాణ్ణి ఇద్దరూ కలిసి తన్నారు. పొట్టలో తన్నారు, వీపు మీద తన్నారు, ముఖం మీద బూటు పెట్టి నొక్కారు. గడియారం ప్రింటరు ఎత్తి వీధిలోకి విసిరాడు. ఇంకు డబ్బాలు చితికి నీలం, ఎరుపు, పసుపు మురిక్కాలవ దాకా పారాయి. కంప్యూటర్ని కాలితో తొక్కాడు. అక్క ఫోను జేబులో వేసుకున్నాడు. తర్వాత పట్టీలు ఒక్కొక్కటే తీసుకుని మోకాలికేసి విరుస్తున్నాడు. తన పట్టీ దగ్గరికొచ్చి ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని వంగాడు.

ఇస్త్రీ పెట్టె ఇంకా కాలుతూనే ఉంది. అక్క లేచి, దాన్ని తెచ్చి, బల్ల మీదున్న ఆ చేతి మీద పెట్టి, తన బరువంతా వేసి నొక్కింది.

వాడి అరుపు వర్ణించను. చర్మం కాలిన వాసన వర్ణించను. కాపలావాడు జుట్టు పట్టి లాగేదాకా ఆమె నొక్కుతూనే ఉంది. ఇస్త్రీ పెట్టెకి చర్మం అంటుకుని వచ్చింది. గడియారం చేయి పట్టుకుని నేల మీద దొర్లుతుంటే మరదలు వాడి మీదకి వంగింది.

"అరవకు. నీ చేయి ఇంకా ఉంది కదా."

ముగ్గురూ తోకముడిచి పోయారు. ఆ సాయంత్రమే పోలీసులు వచ్చారు. చేయి కాలినందుకు అక్క మీద కేసు రాసుకున్నారు. చేయి తెగి మనిషి పోయినందుకు ఎవరి మీదా లేదు. 

కొట్లో ఇక ప్రింటరు లేదు, కంప్యూటరు లేదు, ఫైలు లేదు. మేనేజరు తన ఫోనులోది తుడిచేసి ఉంటాడు. నేల నిండా విరిగిన పట్టీలు. మరదలు వాటిని పోగేసి పొయ్యిలో పెడదామా అన్నట్టు చూసింది. అక్క నేల మీద కూర్చుని ఒక ముక్క తీసి, దాని పక్కన ఇంకో ముక్క పెట్టింది. వెనీర్ అడ్డదిడ్డంగా చిరగదు, గీత వెంబడే చీలుతుంది. ఏ గీత దగ్గర చీలిందో తిరిగి అక్కడే కూర్చుంటుంది. వెంట్రుక సందు తప్ప ఏమీ మిగలదు.

కొట్టు తలుపు ఊడదీశారు. దాన్ని నేల మీద పడుకోబెట్టి, జిగురు పూసి, ముక్కలన్నీ కూర్చారు. మొగుడు విరిగిన భుజానికి కట్టు కట్టించుకుని వచ్చి, ఇది ఇక్కడిది కాదు, కొంచెం పైకి, అని ఒంటిచేత్తో చూపించాడు. పైన మందపాటి చెక్కలు పరిచి, ఉన్న ఫ్రేములన్నీ బరువు పెట్టారు. మరదలు కూడా ఎక్కి కూర్చుంది. ఆరాక వార్నిష్ కొట్టారు. లేపి నిలబెడితే, నిలువునా సన్నటి సందులతో ఈల నవ్వుతున్నాడు, మూడు వేళ్ళు ఎత్తి. వెనక వాడు సుత్తి కొడుతున్నాడు.

పొద్దున్న షిఫ్టు మారే వేళకి తలుపు మోసుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళారు. తలుపు లేని కొట్టుకి దర్జీ కాపలా ఉన్నాడు. లోపలికి పోయేవాళ్ళు ఆగారు, బయటికొచ్చేవాళ్ళు ఆగారు.  చూశారు. కొందరు దగ్గరికొచ్చి బటన్ మీద వేలు పెట్టి చూశారు. ఆ రోజు ఈలని కట్ట మీద పడుకోబెట్టినవాళ్ళు ఇద్దరు ఆ చొక్కా మరక చూసి, ఇంకొంచెం దగ్గరికి వంగి, వెనక్కి జరిగారు.

మేనేజరు దిగొచ్చాడు. కంప్యూటర్లో చేసిన మాయ ఇది, నమ్మకండి, ఈ రోజుల్లో ఎవడి చేతిలో ఏదైనా పెట్టొచ్చు అన్నాడు. మాట చెల్లుతుందేమో అన్నట్టు కొందరు అటూ ఇటూ చూశారు కూడా. అప్పుడు అక్క అడిగింది.

"మాయే అయితే లోపలికి పోయి మిషను చూద్దాం పదండి. చీలిక లేకపోతే ఈ తలుపు నేనే పగలగొడతాను."

మేనేజరు గేటుకి అడ్డం నిలబడ్డాడు. ఎందుకంటే లోపల ఆ మిషను ఆ క్షణంలో కూడా నడుస్తోంది. అక్క మొగుడు భుజం విరిగి రాలేకపోతే ఇంకొకణ్ణి నిలబెట్టారు. ఎడమ చేత్తో తోస్తున్నాడు, కుడి చేత్తో నొక్కుతున్నాడు. కత్తి దిగే చప్పుడు గేటు దాకా వినపడుతోంది.

తరిమేయండి అన్నాడు మేనేజరు. కాపలావాళ్ళు కర్రలతో పడ్డారు. మొదటి దెబ్బ తలుపు మీదే పడింది, ఈల చెంప నిలువునా చీలింది. రెండోది తలుపు పట్టుకున్న అక్క వేళ్ళ మీద పడింది. ఆమె వదల్లేదు. మా వాళ్ళలో ఒకడి తల పగిలింది, ఒకడి పళ్ళు రాలాయి. జనం చెదిరిపోతున్నారు. ఇంకాస్త ఉంటే అయిపోయేది, మీరు గెలిచేవాళ్ళు.

అప్పుడు మరదలు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది.

పెళ్ళైన కొత్తల్లో మొగుడు నేర్పాడట. ఆడవాళ్ళకెందుకని అత్త తిడితే, మిల్లు మోతలో కాపురం చేయాలి కదమ్మా అన్నాడట. ఆ ఈల గేటు దాటి, యార్డు దాటి, హాల్లోకి పోయింది. ఎవడు వేశాడు, ఎందుకు వేశాడు అని లోపల ఎవరూ చూడలేదు. కోత మిషను ఆగింది. దాని పక్కది ఆగింది. ప్రెస్సు ఆగింది, రంపాలు ఆగాయి, ఉడకబెట్టే తొట్ల కింద మంట తగ్గించారు. ఆ మిల్లులో అంత నిశ్శబ్దం ఈల చచ్చిపోయిన రోజు తర్వాత మళ్ళీ అప్పుడే.

హాల్లో నుంచి మనుషులు బయటికి వచ్చారు. చేతుల్లో ఏముంటే అది పట్టుకుని వచ్చారు. కాపలావాళ్ళని కొట్టారా అంటే కొట్టారు, దాచను. కర్రలు లాక్కుని వాళ్ళ కర్రలతోనే కొట్టారు. అక్క మొగుడి ముఖం మీద బూటు పెట్టినవాడు ఆ రోజు నడిచి ఇంటికి పోలేదు. మేనేజరుని ఎవరూ తాకలేదు. తలుపు మోసుకుంటూ అతన్ని ముందు నడిపించుకుని లోపలికి పోయారు. కోత మిషను దగ్గర గడియారం ఉన్నాడు, చేతికి తెల్ల కట్టు. సుత్తి బల్ల మీద ఉంది. ఎడమ బటన్ సందులో చీలిక ఉంది. పాతది వదులైతే మార్చినట్టున్నాడు, ఇంకా తెల్లగా ఉంది. కొత్తవాడు పక్కన నిలబడి తన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని ఉన్నాడు, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.

తలుపుని మిషనుకి ఆనించి నిలబెట్టారు. ఫోటోలో బటనూ, నిజం బటనూ పక్కపక్కన.

అప్పటి నుంచి ఆ మిషను నడవలేదు. రండి, మాట్లాడుకుందాం, డబ్బు ఇస్తాం, ఫోటో మేమే ఇంకా బాగా వేయిస్తాం అని కబుర్లు పంపుతున్నారు. వినండి. మాకు మీ ఫోటో అక్కర్లేదు. చీలిక మేము పీకం. పీకడం మాకు రాక కాదు. కొట్టినవాడే పీకాలి. గడియారం ఆ కాలిన చేత్తోనే, మిల్లులో ఉన్న అందరి ముందు, ఈల పెళ్ళాం ముందు దాన్ని పీకాలి. ఎవరు చెబితే కొట్టాడో నోరు తెరిచి చెప్పాలి. అతని తప్పే అని రాసిన నోటీసు మేనేజరు తన చేత్తో చింపాలి, చంపింది మేమే అని రాసి అక్కడే అంటించాలి. చేయి తెగి మనిషి పోయినందుకు కేసు రాయాలి, రాసేదాకా స్టేషను ముందు నుంచి మేము కదలం.

ఆ తర్వాత ఓనరు మేడ దిగి రావాలి. కోటూ ఉంగరాలూ ఇంట్లో పెట్టి రావాలి. మిషను ముందు నిలబడి తన ఎడమ చేయి కత్తి కింద పెట్టాలి. ఈల పెళ్ళాం కుడి బటన్ నొక్కుతుంది, ఒక్క బటనే. కత్తి దిగకపోతే, అప్పుడు మా వాళ్ళు పనిలోకి వస్తారు.

ఇప్పుడే రావాలి. మిషను దగ్గర ఆమె నిలబడే ఉంది.